జర్నల్ పేరు ఎవరి ఆస్తి?

స్కానింగ్‌తో మెదడు చిత్రాలు తీసి పరిశోధించే రంగంలో పేరుమోసిన ‘న్యూరోఇమేజ్’ జర్నల్ సంపాదకులు, నలభై మందికి పైగా, 2023 ఏప్రిల్‌లో మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఒక్కో వ్యాసానికి రచయితల నుంచి వసూలు చేస్తున్న 3,450 డాలర్ల రుసుము తగ్గించాలని వారు కోరితే, జర్నల్ యజమాని అయిన ప్రచురణ కంపెనీ ఎల్సెవియర్ ఒప్పుకోలేదు. బయటికొచ్చినవారు లాభాపేక్ష లేని ఎంఐటీ ప్రెస్‌తో కలిసి ‘ఇమేజింగ్ న్యూరోసైన్స్’ మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి శాస్త్రవేత్తల శ్రమతో పెరిగిన పాత పేరు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

అసలు తగవు ఆ పేరు గురించే. వ్యాసం రాసినవారికి జర్నల్ పారితోషికం ఇవ్వదు. దాన్ని చదివి తప్పొప్పులు తేల్చే తోటి శాస్త్రవేత్తలు చాలావరకు ఉచితంగానే పనిచేస్తారు. పరిశోధనకు పెట్టిన సొమ్ములో ప్రజాధనం తక్కువేమీ కాదు. అయినా ఆ ఫలితాలు చదవాలంటే గ్రంథాలయం చందా కట్టాలి, లేదా అందరికీ ఉచితంగా అందాలంటే రచయిత రుసుము కట్టాలి. ఎల్సెవియర్ మాతృసంస్థ రెలెక్స్‌కు శాస్త్ర ప్రచురణ విభాగంలో వస్తున్న లాభం ఇటీవలి ఏళ్లలో ఆదాయంలో మూడో వంతుకు మించింది. ఇదంతా సమర్థత ఫలమేనంటే మేము ఒప్పుకోలేం. ఒక జర్నల్‌లో వచ్చిన వ్యాసం మరో జర్నల్‌లో దొరకదు కాబట్టి ధర ఎక్కువని గ్రంథాలయానికి దాని బదులు ఇంకొకటి కొనుక్కునే వీలుండదు. ఉద్యోగాలూ పదోన్నతులూ జర్నల్ పేరును బట్టే వస్తున్నంతకాలం యువ పరిశోధకుడూ దాన్ని కాదనలేడు.

మొదట్లో పరిస్థితి ఇది కాదు. 1665లో లండన్‌లో మొదలైన శాస్త్ర జర్నల్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ చాలాకాలం నష్టాలతోనే నడిచింది. శాస్త్ర ప్రచురణలో ఎంత డబ్బుందో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రచురణకర్త రాబర్ట్ మాక్స్‌వెల్ చూపించారు. ఆయన పెంచిన పెర్గమాన్ ప్రెస్‌ను 1991లో ఎల్సెవియర్ 44 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. రచయితే రుసుము కట్టే పద్ధతి వచ్చాక మరో ప్రమాదం తోడైంది: ఎన్ని వ్యాసాలు అచ్చయితే అంత ఆదాయం. ప్రచురణ కంపెనీ వైలీ 2021లో కొన్న హిందావీ జర్నళ్లు 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా వ్యాసాలను నమ్మదగినవి కావని ఉపసంహరించుకోవలసి వచ్చింది.

లాభాపేక్ష లేదన్న ముద్ర ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. రసాయన శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ కెమికల్ సొసైటీ అలాంటి సంస్థే. అయినా ప్రభుత్వం రసాయన సమాచారాన్ని ఉచితంగా అందించేందుకు తెచ్చిన ‘పబ్‌కెమ్’ తన వ్యాపారానికి పోటీ అవుతుందని 2005లో దాన్ని కట్టడి చేయించేందుకు ప్రయత్నించింది. అది విచారకరం. అయితే సభ్యుల సంఘంలో నాయకత్వాన్ని సభ్యులు నిలదీయగలరు, ఎన్నికల్లో మార్చగలరు. మిగులు డబ్బు వాటాదారుల జేబుల్లోకి పోదు. కంపెనీలో సంపాదకుడికి మిగిలేది రాజీనామా హక్కే.

ప్రచురణకు ఖర్చవుతుంది. సిబ్బంది, సాఫ్ట్‌వేర్, పాత సంచికల భద్రత ఊరికే రావు. ఆ ఖర్చును ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు నేరుగా భరించవచ్చని 1998లో బ్రెజిల్‌లో మొదలైన ఉచిత జర్నళ్ల వేదిక ‘సైఎలో’ చూపించింది. శాస్త్ర సంఘాలు తమ జర్నళ్లను ఇకపై అమ్మకూడదు. ప్రచురణ పనిని కంపెనీలకు అప్పగించినా, పేరు మీద హక్కు సంఘానిదేనని, గడువు తీరాక దాన్ని వేరేచోటికి తీసుకుపోవచ్చని ఒప్పందంలో రాయించుకోవాలి. నిధులిచ్చే సంస్థలు కూడా అలా రాయించుకున్న జర్నళ్లకే ప్రచురణ రుసుములు చెల్లించాలి.