వాయించేవాళ్లే లేకపోతే రాసేదెవరు?

వయొలినిస్టు గిడాన్ క్రెమర్ ప్రస్తావన వస్తే చాలు, విమర్శకుల నోట ‘సాహసి’ అన్న మాట వినిపిస్తుంది. మెచ్చుకోలులాగే ఉంటుంది గానీ, నాకు అందులో తప్పించుకునే ధోరణి కనిపిస్తుంది. ఆయన సాహసి కాబట్టి కొత్త సంగీతం వాయించారు, మేం మామూలు మనుషులం కాబట్టి బీథోవెన్, బ్రామ్స్‌తో సరిపెట్టుకుంటాం అని చెప్పుకోవడానికి అదొక సాకు. క్రెమర్ చేసింది వయొలినిస్టు చేయాల్సిన పనే. మిగతావాళ్లు మానేశారు కాబట్టి వింతగా కనబడుతోంది.

1947లో లాత్వియాలోని రీగాలో పుట్టడం, తండ్రీ తాతా ఇద్దరూ వయొలినిస్టులు కావడం, మాస్కోలో డేవిడ్ ఒయిస్ట్రాఖ్ దగ్గర శిక్షణ, 1970లో చైకోవ్‌స్కీ అంతర్జాతీయ సంగీత పోటీలో మొదటి బహుమతి... ఇదంతా తెలిసిన కథే. ఆ ఒక్క బహుమతి చూపించి జీవితాంతం చైకోవ్‌స్కీ కన్సర్టో (ఒక వయొలినిస్టు ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) వాయించుకుంటూ బతికేయొచ్చు. బతికేసినవాళ్లు ఉన్నారు కూడా.

అసలు ఆ చైకోవ్‌స్కీ కన్సర్టో సంగతేమిటి? ఎవరికి అంకితమిచ్చారో ఆ వయొలినిస్టు లియోపోల్డ్ ఆయరే వాయించడానికి వెనుకాడారు. చివరికి 1881లో వియన్నాలో అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ ధైర్యం చేస్తే, ఎడ్వర్డ్ హాన్స్‌లిక్ అనే పెద్ద విమర్శకుడు ఈ సంగీతం చెవికి కంపు కొడుతోందని రాశాడు. బీథోవెన్ కన్సర్టోదీ అదే కథ. 1806లో మొదటిసారి వినిపించాక దాదాపు మూలనపడింది. 1844లో లండన్‌లో, మెండెల్సన్ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా పన్నెండేళ్ల యోసెఫ్ యోఆకిమ్ దాన్ని వాయిస్తే గానీ లోకం కళ్లు తెరవలేదు. ఆ పిల్లాడే పెద్దయ్యాక బ్రామ్స్ పక్కన కూర్చుని సలహాలిచ్చి, 1879లో బ్రామ్స్ కన్సర్టోను తొలిసారి వాయించాడు. అంటే ఈనాడు ‘సంప్రదాయం’ అని మనం దండం పెడుతున్న ప్రతి రచన వెనకా దాన్ని ముందుగా భుజానికెత్తుకున్న ఒక వయొలినిస్టు ఉన్నాడు. యోఆకిమ్ సంపాదించినదాన్ని ఖర్చుపెట్టుకుంటూ, కొత్తగా పైసా జమ చేయనివాళ్లను సంప్రదాయ పరిరక్షకులు అనాలా? తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు లేదూ?

క్రెమర్ ఎలా జమ చేశారో చూడండి. మాస్కోలో ఒకరోజు కచేరీ అయ్యాక టాక్సీలో వెళ్తూ స్వరకర్త సోఫియా గుబైదులీనాను ఒక వయొలిన్ కన్సర్టో రాయకూడదా అని అడిగారట. కాంట్రాక్టు లేదు, అడ్వాన్సు లేదు. ఆమె మాత్రం ఆ మాటను మనసులో పెట్టుకున్నారు. క్రెమర్ వేలికొస తీగమీద ఆనే తీరు, ఆ స్వరానికి తనను తాను ఇచ్చేసుకునే తీరు చూసి ఆమెకు ‘అర్పణ’ అనే ఊహ వచ్చింది. అదే ‘ఆఫర్టోరియం’. అందులో ఆమె బాఖ్ ‘మ్యూజికల్ ఆఫరింగ్’లోని ఇతివృత్తాన్ని తీసుకుని, ఆవృత్తి ఆవృత్తికీ రెండు చివర్ల నుంచీ ఒక్కో స్వరం రాలగొడతారు. చివరికి ఒకే ఒక్క స్వరం మిగులుతుంది. తర్వాత దాన్ని చివరి నుంచి మొదటికి తిరగేసి మళ్లీ కట్టుకుంటూ వస్తారు. 1979లో సోవియట్ స్వరకర్తల సంఘం మహాసభలో ఆ సంఘం నాయకుడు టిఖోన్ ఖ్రెన్నికోవ్ ఏడుగురు స్వరకర్తల పేర్లు ఎత్తి మరీ దుయ్యబట్టినప్పుడు వాళ్లలో గుబైదులీనా ఒకరు. 1981లో వియన్నాలో క్రెమర్ ఆ కన్సర్టో వాయించాకే ఆమె పేరు పశ్చిమ దేశాల్లో మోగింది.

అంతకన్నా నాకు నచ్చేది ష్నిట్కే కాడెంజాల గొడవ. బీథోవెన్ తన వయొలిన్ కన్సర్టోలో వాద్యకారుడు సొంతంగా కల్పించుకోమని కొంత జాగా ఖాళీగా వదిలిపెట్టాడు. ఆ జాగాలో ఒంటరిగా వాయించే భాగమే కాడెంజా. అందరూ అక్కడ ఎప్పుడో అచ్చయిన కాడెంజాను బట్టీపట్టి అప్పజెబుతారు. క్రెమర్ మాత్రం ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కే రాసినది వాయించారు. బీథోవెన్ మధ్యలో ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తలు షొస్టకోవిచ్, బెర్గ్ తొంగిచూసేసరికి అపచారం, అపచారం అని గగ్గోలు పుట్టింది. జాగా వదిలింది బీథోవెనే కదా! ఆయన మాట విన్నదెవరు, విననిదెవరు?

కొత్త సంగీతం పెడితే హాలు ఖాళీ అవుతుంది, జనానికి ఎక్కనిది ఎవరికోసం అని అడిగేవాళ్లున్నారు. క్రెమర్ తలకెత్తుకున్న రచనలన్నీ నిలబడలేదన్నదీ నిజమే. కానీ 1977లో తాలిన్‌లో ఆర్వో పార్ట్ ‘టాబులా రాసా’ను తొలిసారి వాయించిన ఇద్దరు వయొలినిస్టుల్లో క్రెమర్ ఒకరు. ఇవాళ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా వినిపించే సజీవ స్వరకర్తల్లో పార్ట్ ఒకరు. హాలు నిండే దాకా ఆగుదామనుకుని ఉంటే ఆ సంగీతం కాగితం దాటేది కాదు.

నా అసలు కోపం శ్రోతల మీద కాదు. ఖ్రెన్నికోవ్ కనీసం పేర్లు చదివి మరీ నిషేధించాడు. ఇవాళ్టి కచేరీ మార్కెట్టు ఎవరి పేరూ చదవదు. ఆల్బమ్ అట్టమీద అందమైన ముఖం, అదే నాలుగు కన్సర్టోలు, ఏటేటా పోటీల నుంచి ఒకే అచ్చులో పోసినట్టు దిగే విజేతలు. కొత్తవాటికి చోటు దానంతటదే పోతుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని వెర్బియే ఉత్సవానికి రానని తప్పుకుంటూ క్రెమర్ ఈ తారల మోజు మీదే లేఖ రాశారు. అలిగాడన్నారు. కానీ ఆయన అలిగి ఊరుకునే రకం కాదు. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1981లో, ఆస్ట్రియాలో లోకెన్‌హౌస్ అనే చిన్న ఊళ్లో సొంత ఉత్సవం మొదలుపెట్టారు. 1997లో మూడు బాల్టిక్ దేశాల కుర్రవాళ్లను పోగేసి ‘క్రెమరాటా బాల్టికా’ అనే ఆర్కెస్ట్రా కట్టారు. తన వంతు నిషేధాన్ని తనే ఎత్తేసుకున్నారనొచ్చు.

వైన్‌బర్గ్ సంగతే తీసుకోండి. వార్సా నుంచి నాజీల బారి తప్పించుకుని సోవియట్ యూనియన్ చేరిన ఈ స్వరకర్త, 1968లో చెల్లో విద్వాంసుడు రోస్ట్రోపోవిచ్ కోసం ఒంటరి చెల్లోకు 24 ప్రెల్యూడ్లు (చిన్న చిన్న రచనలు) రాశారు. రోస్ట్రోపోవిచ్ వాటిని ఎన్నడూ వాయించలేదు. ఏ ఖ్రెన్నికోవూ అడ్డుపడనక్కర్లేకపోయింది. వైన్‌బర్గ్ 1996లో మాస్కోలో కన్నుమూశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, డెబ్బయ్యో పడికి చేరువలో ఉన్న క్రెమర్ ఆ 24నీ వయొలిన్‌కు మలుచుకుని, పక్కన ఆర్కెస్ట్రా గానీ పియానో గానీ లేకుండా, వేదిక మీద ఒక్కరే నిలబడి వాయించారు.