'ఈ పాఠం ఇంట్లో చదువుకోండి' గారికి

మహారాజశ్రీ 'ఈ పాఠం ఇంట్లో చదువుకోండి' గారి దివ్యసముఖానికి నమస్కారాలు.

తమరు క్షేమమేనని మొన్న శనివారం తెలిసింది. ఎదిగే వయసు గురించి, జెండర్ గురించి, క్లాసులో ఎవరినీ ఏడిపించకుండా ఉండటం గురించి తొమ్మిదో తరగతి వాళ్లతో కౌన్సెలర్ ఓ గంట మాట్లాడతారు, పేరెంట్స్ కూడా రావచ్చు అని డైరీలో రాసి పంపితే, ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి మరీ వెళ్లాను. ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మన పిల్లలకి ఇవన్నీ అవసరమా, ఇది మన సంస్కృతి కాదు" అన్నాడట, తెల్లారేసరికి ప్రోగ్రామ్ క్యాన్సిల్. ఆ గంటలో పిల్లలకి ఐఐటీ ఫౌండేషన్ స్లిప్ టెస్టు పెట్టి, మా చేతిలో వచ్చే ఏడాది ఫీజుల కాగితం పెట్టారు.

తమరితో నాకు పాత పరిచయమే. టెన్త్‌లో మందార పువ్వుని నిలువునా కోసి కేసరాలు, అండాశయం అన్నీ ఓపిగ్గా చూపించిన మేడం, మనిషి బొమ్మ ఉన్న పేజీ రాగానే తమరి పేరు తలుచుకుని చాక్‌పీసు కింద పెట్టేశారు.

పైగా స్కూల్లో జెండర్ పాఠాలు వద్దంటారు. లేనిదెప్పుడండీ? అల్లరి చేసిన అబ్బాయిని ఇద్దరు అమ్మాయిల మధ్య కూర్చోబెట్టడం శిక్ష. కళ్లలో నీళ్లు వస్తే "ఆడపిల్లలా ఏంట్రా ఆ ఏడుపు". నడక కాస్త వేరుగా ఉన్న పిల్లాడికి మూడో తరగతిలోనే 'పాయింట్ ఫైవ్' అని బిరుదు, అది టెన్త్ దాకా వాడి వెంటే వస్తుంది. హిందీ పీరియడ్‌లోనైతే బస్సు ఆడది, ట్రక్కు మగది అని ఏళ్ల తరబడి నేర్పుతారు (నాకింకా రాలేదు, అది వేరే సంగతి). ఒక్క గంట వింటే పిల్లలు మారిపోతారని గ్రూపులో ఒకటే టెన్షన్. గంటలో పిల్లల్ని మార్చే విద్యే ఉంటే ముందు మా లెక్కల సార్‌కి నేర్పించండి, దండం పెడతాం.

మన సంస్కృతి కాదన్న ఆయనకి ఒక్కటే మాట. విరాటరాజు తన కూతురికి డాన్స్ టీచర్‌గా బృహన్నలను పెట్టుకున్నాడు. పరీక్ష చేయించాకే పెట్టుకున్నాడులెండి, సర్టిఫికెట్ గొడవ అప్పుడూ ఉంది. కానీ ఉత్తర ఏం నేర్చుకుంటుందోనని మత్స్యదేశమంతా గ్రూపు పెట్టుకుని కూర్చోలేదు.

ఇవన్నీ వదిలేస్తాను. మింగుడుపడనిది ఒక్కటే. 2021 చివర్లో, స్కూలు పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఒక పుస్తకం తెచ్చింది. పిల్లలకి కాదు, టీచర్లకి. బాత్రూమ్ దగ్గర, యూనిఫాం దగ్గర ఈ పిల్లలకి ఏం కష్టమొస్తుంది, ఎందుకు మధ్యలో బడి మానేస్తారు, టీచర్ ఏం చేయొచ్చు, అంతే. దాని మీద అభ్యంతరం పెట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జాతీయ బాలల హక్కుల కమిషన్! కొద్ది రోజులకే పుస్తకం వెబ్‌సైట్ నుంచి మాయం. మద్రాస్ హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ దీన్ని తప్పుపట్టారు కూడా.

అసలు మండేది ఎక్కడంటే, 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అనే గడిలో ఆరేళ్లలోపు పిల్లలే దాదాపు 55 వేల మంది ఉన్నారు. ఆ వయసు పిల్లలు తమ వివరాలు తాము చెప్పుకోరు కదా, ఇంట్లో పెద్దవాళ్లు చెబితేనే రాసుకుంటారు. ఆ పిల్లలకి 2021లో ఎంత వయసు? పదికీ పదిహేడుకీ మధ్య. అంటే సరిగ్గా హైస్కూల్లో ఉన్నప్పుడు, వాళ్ల టీచర్ చేతికి వెళ్లాల్సిన పుస్తకాన్ని లాగేశారు. అదే లెక్కల్లో దేశమంతా అక్షరాస్యత 73 శాతం, ఈ గడిలో వాళ్లకి 56. ఆ తేడా ఎవరు మింగారో ఇప్పుడైనా చెప్పు.

అవును, నువ్వనే అంటున్నాను. మర్యాద ఇంతవరకు ఇచ్చిందే ఎక్కువ. ఇంట్లో చదువుకోమంటావు, ఏ ఇంట్లో? పదిహేనేళ్ల పిల్లని పరువు పోయిందని బయటికి గెంటిన ఇంట్లోనా? ఫోన్లో కామెడీ బిట్లు చూసి, చీర కట్టిన మగాణ్ణి చూపించగానే నవ్వాలని నేర్చుకునే ఇంట్లోనా? నువ్వు పాఠం ఆపలేదు. చెప్పేవాళ్లని మార్చావు, అంతే.

2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు ఉండాలి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలూ వివక్ష చూపకూడదు. వచ్చే మీటింగ్‌లో ఆ అధికారి పేరేంటో ప్రిన్సిపల్ గారిని అందరిముందూ అడగబోతున్నాను. ఆయన నోటివెంట నీ పేరు వచ్చిందో, ఆ ఫీజుల కాగితం ఆయన టేబుల్ మీదే ఉంటుంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి బి సెక్షన్ పిల్లాడి అమ్మ