తప్పనిసరి చేసి తాళం వేస్తారా?

వాయిదా కట్టలేకపోయిన వాడి ఫోను పనిచేయకుండా దూరం నుంచే తాళం వేసే అధికారాన్ని రుణసంస్థలకు ఇచ్చే విషయం రిజర్వ్ బ్యాంకు ఆలోచిస్తోందన్న వార్త 2025 సెప్టెంబరులో వెలువడింది. అలాంటి తాళాలు ఆపాలని 2024లో రుణసంస్థలను ఆదేశించింది కూడా ఆ రిజర్వ్ బ్యాంకే. విషయం పరిశీలనలో ఉందని బ్యాంకు పెద్దలు ఆ తర్వాత ఒప్పుకున్నారు. ఏ రూపంలో వచ్చినా, ఎన్ని షరతులు తగిలించినా, ఈ ఆలోచనను ఈ పత్రిక వ్యతిరేకిస్తుంది. ప్రజల చేత ఫోను తప్పనిసరిగా కొనిపించింది ప్రభుత్వాలే కాబట్టి దాన్ని నిరుపయోగం చేసే హక్కును మరొకరికి ధారాదత్తం చేయడం వాటికి తగదు.

తప్పనిసరి అన్న మాటను మేం ఊరికే వాడడం లేదు. ఉపాధి పనుల్లో కూలీలు పనిచోట ఉన్నారని రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లకూ వర్తించింది. పీఎం కిసాన్ సొమ్ము పడాలంటే రైతు ఈ-కేవైసీ పూర్తిచేయాలి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చి, కార్యాలయాల చుట్టూ తిరగనక్కర్లేదని చెప్పింది. ఆ సౌకర్యాన్ని మేం తప్పుపట్టడం లేదు. కానీ శ్రీకాకుళం జిల్లాలో ఫోనుకు ఇంకో అర్థం కూడా ఉంది. వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన మత్స్యకారుడికీ, చెన్నైలో, హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉన్న ఉద్దానం యువకుడికీ ఇంట్లో ముసలి తల్లి మాట వినిపించేది, సంపాదనను ఇంటికి చేర్చేది ఆ ఫోనే.

ఇంతటి అవసర వస్తువు మీద పన్ను ఎంతో చూడండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 12 శాతం ఉన్న రేటు 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన సంస్కరణల్లో ఏసీలకు, పెద్ద టీవీలకు, గిన్నెలు కడిగే యంత్రాలకు 28 నుంచి 18కి తగ్గించిన జీఎస్టీ మండలి మొబైల్ ఫోను దగ్గరకు వచ్చేసరికి చేయి ముడుచుకుంది. ఫలితంగా ఉపాధి కూలీ కొనే ఫోనుకూ, మేడలో బిగించే ఏసీకీ ఇప్పుడు ఒకటే పన్ను. రూ.15,000 ఫోనులో పన్ను సుమారు రూ.2,288. పాత 12 శాతమే ఉండి ఉంటే ఆ ఫోను రూ.14,240 లోపు దొరికేది. పైగా ఆ పన్నులో సగం రాష్ట్రానికే చేరుతుంది కాబట్టి ఢిల్లీని చూపించి చేతులు దులుపుకొనే వీలు అమరావతికి లేదు.

రాష్ట్రానికో పన్ను ఉన్న రోజుల్లో ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం చెక్‌పోస్టులో సరుకు సరుకుకూ లెక్క చూసేవారు. 2017 జులైతో ఆ తేడాలు పోయి దేశమంతా ఒకటే రేటు అయింది, బాగానే ఉంది. కానీ ఆ ఒకటే రేటును నిర్ణయించే మండలిలో రాష్ట్రానికి కుర్చీ ఉంది, ఓటు ఉంది. వాట్సాప్ పాలన గురించి ఇంత గర్వంగా చెప్పుకునే ప్రభుత్వం ఆ కుర్చీలో కూర్చుని ఫోను మీద పన్ను తగ్గించమని గట్టిగా పట్టుబట్టాల్సింది. విదేశీ ఫోన్ల మీద దిగుమతి సుంకాన్ని 2024 జులైలో 20 నుంచి 15 శాతానికి తగ్గించారు గానీ, ఇక్కడ అమ్ముడయ్యేవి దాదాపు అన్నీ ఇక్కడే తయారవుతున్నవి కాబట్టి పేదవాడికి దానివల్ల ఒరిగింది స్వల్పం. తయారీ కంపెనీలకు అమ్మకాల పెరుగుదలపై 4 నుంచి 6 శాతం ప్రోత్సాహకం ఇచ్చిన కేంద్రానికి కొనేవాడి గోడు మాత్రం పట్టలేదు. మెమరీ చిప్‌ల ధరలు పెరిగి ఫోన్ల రేట్లు పైకి పోతున్న ఈ సమయంలో, ధరతో పాటే పన్నూ దానంతట అదే పెరుగుతుందన్న సంగతి ఎవరూ మాట్లాడడం లేదు.

పన్ను కనీసం బిల్లు మీద కనిపిస్తుంది. వాయిదాల్లో పడే భారం అలా కనిపించదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ దుకాణం ముందు నిలబడినా ‘వడ్డీ లేదు’ అన్న బోర్డు పలకరిస్తుంది. సున్నా వడ్డీ అన్న భావనకే అర్థం లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అప్పటి నుంచి మాట మారింది గానీ పద్ధతి మారలేదు. అప్పిచ్చే సంస్థకు రావాల్సిన వడ్డీని కంపెనీయో, దుకాణమో భరించినట్టు చూపుతారు, ఆ మేరకు నగదుకు దొరికే తగ్గింపును వాయిదాల కొనుగోలుదారుకు ఇవ్వరు.

ఒక లెక్క వేసి చూద్దాం. పలాసలో జీడి పరిశ్రమలో పనిచేసే మహిళ రూ.15,000 ఫోను తీసుకుందనుకోండి. ముందు రూ.3,000 కట్టి, మిగతా రూ.12,000 ఆరు నెలల్లో నెలకు రూ.2,000 చొప్పున కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు రూ.600, దాని మీద జీఎస్టీ రూ.108. అదే ఫోను నగదుకైతే రూ.14,300కే ఇస్తారు. అంటే ఆమెకు నిజంగా అందిన అప్పు రూ.10,592, తీర్చేది రూ.12,000. నెలనెలా అసలు తగ్గుతూ పోతుందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే ఇది నూటికి మూడున్నర రూపాయలు దాటిన వడ్డీ, ఏడాదికి 44 శాతం. ఊళ్లో నూటికి మూడు రూపాయలకు అప్పిచ్చే వాడిని రక్తం తాగుతున్నాడని తిట్టుకుంటాం. అంతకంటే ఎక్కువ గుంజుతున్న చోట ‘వడ్డీ లేదు’ అని బోర్డు వేలాడుతోంది. ఇందులో ఇంకా బీమా, అదనపు వారంటీ కలపలేదు. వారం కూలి మీద బతికే ఆమె ఖాతాలో వాయిదా తేదీన డబ్బు లేకపోతే అప్పిచ్చిన సంస్థ ఒక జరిమానా, బ్యాంకు మరో జరిమానా వేస్తాయి.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి, మంచివే ఉన్నాయి. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే ప్రతి రిటైల్ రుణానికీ ముందుగా కీలక వివరాల పత్రం ఇవ్వాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. అది రుణం తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, విడమరచి చెప్పాలి, ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఇవ్వాలి. అందులో రాయని ఛార్జీని ఆమె స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. ఇప్పుడు దుకాణంలో కౌంటరు దగ్గర జరిగేది చూడండి. కుర్రాడు ట్యాబ్ మీద వేలితో ఇంగ్లిష్ పేజీలను పైకి తోసేస్తూ పోతాడు. ‘ఓటీపీ వచ్చిందా అమ్మా, చెప్పండి’ అంటాడు. ఆమె ఆరంకెలు పైకి చదువుతుంది. ఐదు నిమిషాల్లో రుణం మంజూరైపోతుంది. మూడు రోజుల గడువూ, తెలుగు పత్రమూ, వార్షిక రేటూ ఆ ఆరంకెల్లోనే కలిసిపోతాయి. కుర్రాడి తప్పు ఇందులో చాలా తక్కువ. నిబంధన రాసి, అది కౌంటరు దాకా చేరిందో లేదో ఒక్కసారైనా వచ్చి చూడని వాళ్లదే పెద్ద తప్పు.

రాష్ట్రం చేతిలో ఉన్న ఆయుధం కూడా మొద్దుబారింది. సూక్ష్మరుణ సంస్థల వేధింపులకు మహిళలు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో, 2010 అక్టోబరులో, ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి ఆ సంస్థలు జిల్లాలో నమోదు కావాలనీ, అసలును మించి వడ్డీ లాగకూడదనీ కట్టడి చేసింది. రిజర్వ్ బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని కేరళ, గుజరాత్ చట్టాలకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2022 మేలో తీర్పు చెప్పింది. ఇక అలాంటి సంస్థలు ఇచ్చే ఫోను అప్పు విషయంలో జిల్లా ప్రజలకు దిక్కు ముంబైలోని రిజర్వ్ బ్యాంకే. ఆ రిజర్వ్ బ్యాంకే తాళం చెవిని అప్పిచ్చేవాడి చేతిలో పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే మా ఆందోళన పెరగకుండా ఎలా ఉంటుంది?

తాకట్టు లేని చిన్న రుణాల్లో ఎగవేతలు ఎక్కువనీ, తాళం భయం ఉంటే వడ్డీ తగ్గించి మరింత మందికి ఇవ్వగలమనీ రుణసంస్థలు వాదిస్తున్నాయి. అప్పు తీర్చాలన్నదాంట్లో మాకూ రెండో మాట లేదు. కానీ వడ్డీ తగ్గిస్తామన్న హామీ ఏ నిబంధనలోనూ లేదు. రుణసంస్థ ఒక అప్పుకు ఎంత సొంత సొమ్ము పక్కన పెట్టాలో తేల్చే ముప్పు లెక్కను (రిస్క్ వెయిట్) వినియోగ రుణాలకు రిజర్వ్ బ్యాంకు 2023 నవంబరులో 100 నుంచి 125 శాతానికి పెంచినప్పుడు ఆ భారం అప్పు తీసుకునేవాడి మీదకే జారింది. ఇలాంటి చోట సర్కారు లెక్క మారిపోతుంది: పథకం కోసమైతే ఫోను తప్పనిసరి, పన్ను కోసమైతే సరదా వస్తువు, అప్పు కోసమైతే ముప్పు. రుణ యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితాను, ఫోటోలను ముట్టుకోకూడదని 2022లో కట్టడి చేసిన చేత్తోనే ఇప్పుడు ఫోను మొత్తాన్నీ వాళ్లకు అప్పగిస్తారా? రేపు కరెంటు మీటరుకు, ఎల్లుండి వాయిదాల మీద కొన్న మోటారు పంపుకు ఇదే పద్ధతి అడిగితే కాదనడానికి ఏ మొహం మిగులుతుంది? ఒక రూ.2,000 వాయిదా తప్పిన మనిషికి రేషన్ సందేశం, కూలి డబ్బు, బిడ్డ పాఠం అన్నీ ఒక్క దెబ్బతో ఆపేయడాన్ని వసూలు అనరు, వేధింపు అంటారు.

కాబట్టి మేం సూటిగా అడుగుతున్నాం. జీఎస్టీ మండలి తర్వాతి సమావేశంలో చవక ఫోన్లకు పన్ను తగ్గించాలని రాష్ట్ర ఆర్థిక మంత్రి ప్రతిపాదించాలి, ప్రతిపాదించారో లేదో ప్రజలకు చెప్పాలి. జిల్లా కలెక్టరు బ్యాంకర్ల సమీక్షలో పంట రుణాలతో పాటు ఫోను రుణాలనూ అజెండాలో పెట్టి, తెలుగు పత్రం ఇవ్వని దుకాణాలు, సంస్థల జాబితా బయటపెట్టాలి. రుణసంస్థల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ నంబరు 14448ని ప్రతి ఫోను దుకాణంలోనూ ‘వడ్డీ లేదు’ బోర్డు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయించాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. పేదవాడి ఫోనుకు తాళం వేసే విషయం మీద ఇంత ఓపికగా ఆలోచిస్తున్న పెద్దలు, అదే ఓపికతో ఒక్క పూట ఏడు రోడ్ల కూడలికి వచ్చి ఆ కౌంటరు ముందు నిలబడాలి. అది చేతకాకపోతే, ఫోను ఉంటేనే పథకం అని పేదవాడిని ఒత్తిడి చేయడం ముందు మానుకోవాలి.