బయానా ఇచ్చినవాడిదే మగ్గం

ఏ దేశంతో గొడవొచ్చినా రెండు రోజులు తిరిగేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక లిస్టు దిగుతుంది. ఈ యాప్ తీసేయండి, ఆ ఫోను కొనకండి, ఫలానా దేశానికి టూర్లు రద్దు చేసుకోండి. 2020లో గల్వాన్ తర్వాత చైనా వంతు. 2025 మే నెలలో టర్కీ ఆపిల్ పండ్ల వంతు. చైనా లిస్టు ఏమైందంటే, 2020-21లో అక్కడి నుంచి మన దిగుమతులు సుమారు 6,500 కోట్ల డాలర్లు ఉంటే 2024-25కి 11,300 కోట్లు దాటాయి. ఫార్వర్డ్ చేసినవాళ్ల కోపం నిజమే. సరుకు మాత్రం దాని దారిన అది వస్తూనే ఉంది.

ఈ లిస్టులు పంపేవాళ్లకు స్వాతంత్ర్యోద్యమం పేరు చెప్పడం అలవాటు. విదేశీ బట్టలు తగలబెట్టిన తాతల మనవలం కదా అంటారు. నా పేచీ అక్కడే. ఆ తాతల కథలో మనం మంట దగ్గరే ఆగిపోయాం. మంట ఆరాక ఇంటికెళ్లి లెక్కల పుస్తకం తెరిచిన తాతలు కూడా కొందరున్నారు. వాళ్ల కథ ఎవరూ చెప్పరు, చెప్పినా పరీక్షలో రాదు.

1905 బెంగాల్ విభజన, 1907లో రాజమండ్రిలో బిపిన్‌చంద్ర పాల్ ఉపన్యాసాలు, ఆ వేడిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి గెంటేయడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. పెద్దగా తెలియనిది ఇంకొకటి ఉంది. బహిష్కరణ అనే ఆయుధాన్ని ముందు తీసింది ఇంగ్లిష్‌వాళ్లే, అదీ మన తీరం నుంచి వెళ్లిన బట్ట మీద. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది ఈ బట్టల కోసమే. కరక్కాయ నీళ్లలో తడిపి, చిరివేరుతో ఎరుపు పట్టించిన అద్దకం గుడ్డ ఎన్ని ఉతుకులకూ రంగు వదలదు. లండన్ ఆడవాళ్లకు అది పిచ్చి, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు కడుపుమంట. 1719లో లండన్ నేతగాళ్లు అద్దకం గౌను కనిపిస్తే చాలు వెంటపడి సిరా, యాసిడ్ చల్లి, నడివీధిలో చించేశారు. పార్లమెంటు 1700లో ఇలాంటి బట్టల దిగుమతిని కట్టడి చేస్తే, 1721లో కట్టుకోవడాన్నే నిషేధించింది. స్వేచ్ఛా వాణిజ్యం గొప్పదనే పాఠం మనకు మొదలైంది వాళ్ల మిల్లులు లేచి నిలబడ్డాకే. ఆ పాఠం చెబుతూనే 1896లో మన దేశపు మిల్లు బట్ట మీద 3.5 శాతం సుంకం వేశారు, మాంచెస్టర్ మిల్లులు నొచ్చుకుంటాయని. నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది కదా, ఆ ఊరి పేరు మీద పుట్టిన ‘మడపొల్లం’ గుడ్డను ఇంగ్లండ్ మిల్లులే అదే పేరుతో నేసి అమ్ముకున్నాయి.

మరి ఇంత పేరున్న నేతగాడు ఎలా పడిపోయాడు? మరమగ్గాలు వచ్చి ముంచాయని చెబుతారు. మరల కంటే చాలా ముందే బయానా వచ్చింది. కంపెనీ దళారి నేతపేటకు వచ్చి నూలు ఖర్చుకు, తిండి ఖర్చుకు ముందే డబ్బు చేతిలో పెట్టేవాడు. తీసుకున్నాక గుడ్డ కంపెనీకే నేయాలి. ధర కంపెనీ చెప్పిందే. రకం తగ్గిందంటే కోత, కోత పోగా మిగిలిన బాకీ వచ్చే ఏడాదికి. 1766లో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, చేతికి చిక్కాక ఇంజరం, మాధవాయిపాలెం కొట్ల చుట్టుపక్కల ఈ ఉచ్చు ఇంకా బిగిసింది. బాకీ ఉన్నవాడు ఇంకొక వర్తకుడికి గుడ్డ అమ్మకుండా కంపెనీ బంట్రోతులు వచ్చి కూర్చునేవాళ్లు. మగ్గం నేతగాడిది, ఇల్లు నేతగాడిది, చేతిలో విద్యా అతడిదే. అయినా ఎవరికి అమ్మాలో తేల్చుకునే హక్కు పోయింది. బొబ్బిలి కోట దగ్గర పేలిన ఫిరంగులు మనకు గుర్తున్నాయి. నేతపేటల్లో చప్పుడు లేకుండా పోయినదాన్ని పాటగా కట్టినవాడు లేడు.

అందుకే నాకు ప్రతి స్వదేశీ ప్రయత్నంలో చూడాలనిపించేది ఒకటే. నాయకుణ్ని జైల్లో వేసిన మర్నాడు అది నడిచిందా, లేదా?

తూత్తుకుడిలో వ.ఉ. చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. పది లక్షల మూలధనం అనుకున్నారు, వాటా ధర 25 రూపాయలు. రెండు ఓడలు తెచ్చి కొలంబో దారిలో తెల్లవాళ్ల కంపెనీకి ఎదురు నిలిచారు. ఆ కంపెనీ టికెట్ ధర తెగ్గోసింది, చివరికి ఊరికే ఎక్కించుకుని చేతిలో గొడుగు కూడా పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. (ఇవాళ యాప్‌ల వాళ్లు ఇచ్చే క్యాష్‌బ్యాక్‌కు తాతగారు ఆ గొడుగే.) 1908లో పిళ్లైని అరెస్టు చేసి యావజ్జీవం వేశారు. తర్వాత శిక్ష తగ్గింది గానీ 1911 నాటికి కంపెనీ మిగల్లేదు. ధైర్యానికి లోటుందా? లేదు. నష్టాన్ని రెండు మూడేళ్లు మోయగల డబ్బు వెనకాల లేదు, అంతే.

మన చీరాల సంగతీ ఇలాంటిదే. చీరాల-పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసేసరికి ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను ఎన్నో రెట్లయింది. నేత మీద బతికే ఊరు అది. పన్ను కట్టం, మున్సిపాలిటీ వద్దు అన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, అంత పట్టుదల ఉంటే ఊరు ఖాళీ చేసి చూడండి అని ఒక దారి చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆ మాటను నిజం చేసి చూపించారు. సుమారు 13 వేల మంది గడపలు దాటి ఊరి అవతల పాకలు వేసుకున్నారు, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం అయింది, వాన పడింది, చలి వచ్చింది. పదకొండు నెలలు! ఎవడైనా బహిష్కరణ అంటే చీరాల పేరు చెప్పి ఆగాలి. ఎందుకంటే అక్కడ మానుకున్నది ఒక సరుకును కాదు, సొంత ఇంటిని.

కానీ పాకల్లో ఉన్న నేతగాడు పొయ్యి మీదికి ఏం తెచ్చుకోవాలి? మగ్గం గుంట ఇంట్లో ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు కాపలా కాసింది, తగవులు తీర్చింది, భజనలు నడిపింది, అన్నీ బాగున్నాయి. నిధులు అడుగంటాయి. ఆ నిధుల పని మీదే గోపాలకృష్ణయ్య బరంపురం వెళితే అక్కడ అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. నాయకుడు తిరుచిరాపల్లి జైలుకు, జనం నెమ్మదిగా ఇళ్లకు. ఇది చీరాలను తక్కువ చేయడానికి రాయడం లేదు. అంత గుండె ఉన్న ఊరు కూడా అప్పు పుట్టే చోటు లేక వెనక్కి రావలసి వచ్చిందని రాస్తున్నాను.

ఇక్కడే నాకు బందరు డాక్టరు గారు గుర్తొస్తారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య అనగానే 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోస్ చేతిలో ఓడిపోయిన అభ్యర్థిగానే చాలామందికి తెలుసు. అది ఆయనకు జరిగిన అన్యాయం. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టిన మనిషి ఆయన. అక్కడ చదువుతో పాటు నేత, వడ్రంగం నేర్పారు. గోపాలకృష్ణయ్య కూడా ఎడిన్‌బరోలో చదివొచ్చి కొన్నాళ్లు అక్కడే పాఠం చెప్పారు. అయితే పట్టాభి చేతిపనుల దగ్గర ఆగలేదు. చేతిపని తెలిసినవాడు ఎవరి గుమ్మం దగ్గర చెయ్యి చాపుతున్నాడో చూశారు. 1915లో కృష్ణా జిల్లాలో సహకార బ్యాంకు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్ట్రేషన్, 28న వ్యాపారం మొదలు, చెల్లించిన మూలధనం ఒక్క లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్. 1927లో రైతుల కోసం వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు. వరస చూడండి: అప్పు, పొదుపు, బీమా, మళ్లీ అప్పు. గుడ్డలు తగలబెట్టే ఊపు చల్లారి, చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపేశాక దేశమంతా నీరసపడి ఉన్న రోజుల్లో ఈయన బందరులో లెడ్జర్లు కుట్టిస్తున్నారు.

నా పరీక్షలో ఈ బ్యాంకు పాసైంది. 1930లో పట్టాభి జైలుకెళ్లారు, 1932లో వెళ్లారు, 1942 నుంచి నెహ్రూతో పాటు అహ్మద్‌నగర్ కోటలో ఏళ్ల తరబడి ఉన్నారు. బ్యాంకు కౌంటరు రోజూ తెరుచుకుంది. పాలకుడికి ఇలాంటిది పెద్ద టెన్షన్. మంటను లాఠీతో ఆర్పొచ్చు, సభను 144వ సెక్షన్‌తో ఆపొచ్చు. డిపాజిటర్ల క్యూను ఏ కారణం చెప్పి చెదరగొడతారు?

కాదనేవాళ్లు ఉన్నారు. 1921లో ఠాగూర్ గాంధీతో వాదించారు, కట్టుకోను గుడ్డ లేని దేశంలో గుడ్డలు కాలుస్తారా అని. బెంగాల్‌లో చవక విదేశీ గుడ్డ అమ్ముకునే పేద వ్యాపారుల నోట్లో మట్టి పడింది, బొంబాయి మిల్లులు మాత్రం లాభపడ్డాయి. 1913లో పేకమేడల్లా కూలిన స్వదేశీ బ్యాంకులూ ఉన్నాయి. ఇవన్నీ నిజాలే. ఠాగూర్ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే అది నా మాటే: పేదవాడి చేతిలో పెట్టడానికి ఇంకొకటి లేకుండా ఉన్నది లాక్కోకూడదు. మునిగిన బ్యాంకుల సంగతంటారా, తెల్లవాళ్లవి మునగలేదా? 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలమంది కష్టార్జితం మింగింది, దాని యజమాని జైలుకెళ్లాడు. ఆ దెబ్బ నుంచే మరుసటి ఏడాది ఇండియన్ బ్యాంకు పుట్టింది.

ఆ పట్టాభి బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న ముంబై కేంద్రంగా ఉన్న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పుడు మనం బోర్డు పోయిందని, పేరు పోయిందని నాలుగు రోజులు బాధపడ్డాం. ఎక్కడి పొదుపు ఎక్కడ అప్పుగా మారుతుందో తేల్చే కుర్చీ ఒకటి మన నేల మీద లేకుండా పోయిందని అడిగినవాళ్లు తక్కువ. ఇవాళ టీ కొట్టు దగ్గర స్కాన్ చేసే డబ్బు చూడండి. యూపీఐ అనే రైలు పట్టాలు మనవే, మంచి పనే. వాటి మీద లావాదేవీల్లో సుమారు 80 శాతం నడిపేది రెండే యాప్‌లు, ఒకటి వాల్‌మార్ట్ చేతిలో ఉంది, ఒకటి గూగుల్‌ది. ఒక్కో యాప్ వాటా 30 శాతం దాటకూడదన్న నిబంధన గడువు జరిగి జరిగి 2026 డిసెంబరుకు చేరింది. బాయ్‌కాట్ లిస్టును ఫార్వర్డ్ చేసిన చేత్తోనే టీ డబ్బు అందులో కొడతాం.

2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేస్తే భీమవరం రొయ్యల రైతు గుండె గుభేలుమంది. మళ్లీ స్వదేశీ మాట వినిపించింది. ఆ వనామి రొయ్య తల్లి కూడా ఎక్కువగా హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వచ్చిందే. మేత డీలరు దగ్గర అప్పు. రొయ్యలు పట్టే రోజున రేటు చెప్పేది ఎవరో రైతును అడగండి.

పోయిన సంక్రాంతి ముందు చీరాల పక్క ఊళ్లో ఒక నేత ఇంటికి వెళ్లాను. గుంట మగ్గం, పైన చిలక్కొయ్యకు తగిలించిన నోటు పుస్తకం, అట్ట చిరిగి నూలు దారంతో కుట్టి ఉంది. ఎడమ పక్క సావుకారు ఇచ్చిన నూలు, పట్టు, అడ్వాన్సు. కుడి పక్క ఇచ్చిన చీరలు, పడ్డ మజూరీ. అడుగున బాకీ. ఎప్పటిదండీ ఇది అంటే, “మా నాయన ఉన్నప్పటిది కూడా కొంత కలిసే ఉందండీ” అన్నాడాయన, తెగిన పడుగు పోగు ముడేసుకుంటూ. విజయవాడ షాపు వాళ్లు ఎవరో చీరకు ఇంకాస్త ఎక్కువే ఇస్తామని వచ్చారట. ఇవ్వొచ్చుగా మరి అన్నాను.

“బాకీ పెట్టుకుని ఇంకోళ్లకి ఎట్టా ఇస్తామండీ” అని నాడె విసిరాడు.