తొలేళ్ళ రాత్రి చీజ్ డిప్

పైడితల్లమ్మ పండగకి మా ఇంట్లో చుట్టాలు శనివారం నుంచే దిగుతారు. సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను ఉత్సవం. ఆ రెండు రోజులూ విజయనగరంలో ఆ జనంలో మూడు లాంతర్ల జంక్షన్ వైపు వెళ్ళి తిరిగి రావడమంటే మాటలు కాదు. అందుకని తొలేళ్ళ సాయంత్రం పెద్దాచిన్నా అందరూ మా మేడ మీదే కూర్చుంటారు. పకోడీలు అత్తయ్య చూసుకుంటారు, టీ నేను చూసుకుంటాను. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఈ ఏర్పాటుకి కిందటి పండగకి మా మరిది అడ్డం పడ్డాడు.

"ఎన్నాళ్ళని ఈ పకోడీలు వదినా? ఈసారి చీజ్ డిప్ చేద్దాం. అయిదు నిమిషాల పని."

మగవాళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడి అయిదు నిమిషాల పని అన్నారంటే నేను ముందు పాలగిన్నె తీసి భద్రంగా పక్కన పెడతాను. ఆ రోజూ అదే చేశాను.

మరిది ఆఫీసు పని మీద కొన్నాళ్ళు డాలస్‌లో ఉండి వచ్చాడు. టెక్సాస్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు నలుగురూ ఓ ఇంట్లో చేరితే కేసో అనే ఈ చీజ్ డిప్ ఉండాల్సిందేనట. వెల్వీటా అనే మెత్తటి చీజ్ దిమ్మా, రోటెల్ అనే డబ్బాలో వచ్చే టమాటా, మిరపకాయ ముక్కలూ కలిపి సన్నటి సెగ మీద కరిగిస్తారు. అంతే వంట. చిప్స్ ముంచుకుని తింటూ మ్యాచ్ చూస్తారు.

"దానికేం, మన వీధి చివర కొట్లో చీజ్ క్యూబులు దొరుకుతాయిగా," అన్నాను.

"అవి పిల్లల టిఫిన్ బాక్సులోకి వదినా. ప్రాసెస్డ్ చీజ్. నేను ఒరిజినల్‌తో చేస్తా."

మరిది అంతలా మెచ్చుకున్న వెల్వీటా కూడా ప్రాసెస్డ్ రకమేనని అప్పుడు నాకూ తెలీదు, అతనికీ గుర్తు లేదు. విశాఖ వెళ్ళి, బాగా మాగబెట్టిన చెడ్డార్ చీజ్ 400 గ్రాములు పట్టుకొచ్చాడు. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నెని కిందికి దింపి మరీ దానికి చోటు చేశాడు. అత్తయ్య చూశారు గానీ, చిన్నకొడుకు కదా, ఏమీ అనలేదు.

సోమవారం సాయంత్రం ఆరింటికి వంట మొదలైంది. మరిది తువ్వాలు భుజాన వేసుకుని, ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి, వీడియో పెట్టాడు. వీడియోలో ఆవిడ ఒక్కర్తే ఉంది. ఆవిడ వంటింట్లో సలహాలు చెప్పేవాళ్ళు లేరు. మా వంటింట్లో ఆ టైముకి తక్కువలో తక్కువ ఏడుగురు ఆడవాళ్ళు. "మంట పెంచు, ఇలాగైతే తెల్లారుతుంది," అంది మా పెద్దాడపడుచు. మరిది పెద్ద బర్నర్ మీదికి మార్చి మంట పెంచాడు. "ఓ చుక్క పులుపు తగిలితే బావుంటుంది," అంటూ పినత్తగారు అర నిమ్మకాయ పిండేశారు. మేడ మీంచి ఎవరో మంచినీళ్ళు అడిగారు. మరిది చెంబు అందించి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ముందు నిగనిగలాడుతూ కరిగిన చీజ్ మీద సన్నటి రవ్వ తేలింది. ఆ రవ్వ ముద్దయింది. ముద్ద చుట్టూ పసుపుపచ్చ నూనె ఊరడం మొదలైంది, చూస్తూండగానే గిన్నె అంచు దాకా వచ్చింది. మరిది గరిటె పైకెత్తితే ముద్ద మొత్తం గరిటెని పట్టుకుని పైకి లేచింది. విదిలిస్తే రాలేదు. గోడకేసి తడితే చప్పుడు చేసింది.

అత్తయ్య తొంగిచూశారు. "ఒరే, ఇదేట్రా? పాలు ఇరిగిపోయినట్టుంది. ఇంత నూనె ఎవులు పోసినార్రా?"

"ఎవరూ పొయ్యలేదమ్మా. అందులోంచే వచ్చింది."

"నాలుగొందల గ్రాముల్లో అంత నూనుంటే, నాను రెండు వాయిల పకోడీ ఏసీద్దును."

అప్పుడు వచ్చారు మా చిన్నమావయ్యగారు. ఆయన చాలాకాలం మందుల షాపు నడిపారు. షాపు మూసేసినా రోగుల్ని చూసే చూపు పోలేదు. గిన్నెని అదే చూపుతో చూశారు.

"ఇది కాల్షియం గొడవరా నాయినా. చీజ్‌లో ప్రొటీన్ని పట్టి ఉంచేది కాల్షియమే. సెగ ఎక్కువైతే ఆ ప్రొటీన్ బిగుసుకుపోయి, లోపలున్న కొవ్వునీ నీళ్ళనీ బయటికి పిండేస్తుంది. పులుపు మోతాదు మించితే ఇంకా అన్యాయం." ఇక్కడ పినత్తగారు మెల్లగా మేడెక్కారు. "దీనికి సోడియం సిట్రేట్ పడాలి. అది కాల్షియాన్ని లాక్కుంటే ప్రొటీన్ మళ్ళీ వదులై కొవ్వుతో కలుస్తుంది. రక్తదానం సంచిలో రక్తం గడ్డకట్టకుండా వేసేది కూడా అదే."

"పండగ పూట రక్తం ఊసెందుకు మరిదీ?" అన్నారు అత్తయ్య.

మా అమ్మాయి ఈలోగా ఫ్రిజ్‌లోంచి తన టిఫిన్ చీజ్ డబ్బా తెచ్చి వెనకాల చదివింది. ఎమల్సిఫయర్ 331 అని ఉంది, కొవ్వునీ నీళ్ళనీ కలిపి ఉంచే సరుకు. అంటే సోడియం సిట్రేటే! మరిది చిన్నచూపు చూసిన ఆ క్యూబుల్లో కావలసిన మందు కలిపే అమ్ముతున్నారన్నమాట. స్విట్జర్లాండ్‌లో తూన్ అనే ఊళ్ళో 1911లోనే ఇద్దరు ఈ సిట్రేట్ ఉప్పు వేసి చీజ్ కరిగించారని, ప్రాసెస్డ్ చీజ్ పుట్టింది అలాగేనని నేను తరవాత చదివాను. ఆ సాయంత్రం చదివే తీరిక ఎవరికుంది?

"ఇప్పుడు సిట్రేట్ ఎక్కడ దొరుకుతుంది చిన్నాన్నా?" మరిది గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

చిన్నమావయ్యగారు లాల్చీ జేబులోంచి ఈనో ప్యాకెట్లు తీశారు. పండగల్లో ఆయన జేబులో డబ్బులు లేకపోవచ్చు గానీ ఈనో లేకుండా ఉండదు. "ఇందులో ఉండేది సోడా, నిమ్మఉప్పూ. నీళ్ళలో పడి పొంగితే తయారయ్యేది సోడియం సిట్రేటే. గ్లాసులో కాసిని నీళ్ళు పోసి, ఇది వేసి, పొంగంతా పోయాక..."

పొంగంతా పోయాక అనే మాట ఆయన నోట్లో ఉండగానే మా మరిది నాలుగు ప్యాకెట్లూ చింపి తిన్నగా గిన్నెలో కుమ్మరించాడు.

బుస్సుమంది. పసుపుపచ్చ నురుగు గిన్నె దాటి, స్టవ్ దాటి, గట్టు మీదికి దిగింది. బర్నర్ ఆరిపోయింది. మరిది ఫోను ఎత్తుకుని వెనక్కి గెంతాడు. నేను గ్యాస్ కట్టేశాను. మేడ మీంచి పిల్లలంతా దడదడా దిగొచ్చి "మళ్ళీ చెయ్యి బాబాయ్, మళ్ళీ చెయ్యి" అని ఒకటే గోల.

నురుగు చల్లారాక అత్తయ్య గరిటెతో కలిపి చూశారు. ముద్ద లేదు, నూనె లేదు. గిన్నెలో మిగిలిన సగం నున్నగా, గరిటె మీంచి ధారగా జారుతోంది. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. చిన్నమావయ్యగారు మాత్రం గొంతు సవరించుకుని, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి సన్నగా తరిగి వెయ్యమని మందుచీటీ రాసినంత ధీమాగా చెప్పారు.

తెచ్చిన చిప్స్ ప్యాకెట్లు అప్పటికే పిల్లలు ఖాళీ చేశారు. జంతికలు ముంచితే విరిగి అందులోనే ఉండిపోయాయి. చేగోడీలు పనికొచ్చాయి, వేలికి తగిలించుకుని ముంచే వీలుంది కాబట్టి. పైగా మేడ మీది గాలికి డిప్ పైన తొరక కడుతూంటే, ఇడ్లీ పాత్రలో వేణ్ణీళ్ళు పోసి గిన్నె అందులో దింపి పైకి మోశాం. అత్తయ్య ఎందుకైనా మంచిదని పకోడీలు వేసే ఉంచారు. ఆఖరికి జనం పకోడీలే అందులో ముంచుకు తిన్నారు. పినత్తగారు రెండుసార్లు పెట్టించుకుని, ఆ పులుపు తను వేసిందేనని పక్కింటావిడకి చెప్పుకున్నారు.

పదకొండింటికి అందరూ పడుకునే వేళ చిన్నమావయ్యగారు పొట్ట నిమురుకుంటూ వంటింట్లోకి వచ్చారు. జేబులన్నీ తడుముకున్నారు.

"ఒరే, నాకని ఒక్క ప్యాకెట్టయినా ఉంచలేదేట్రా?"

మరిది పీచు పట్టుకుని స్టవ్ తోముతున్నాడు. తలెత్తకుండానే గిన్నె వైపు చూపించాడు.

"అడుగున కొంచెం ఉంది చిన్నాన్నా. చేగోడీ కావాలా, చెంచా ఇమ్మంటారా?"