రాజా అని పిలిస్తే జేబు తడుముకోండి

రాజరికం ఈ దేశంలో ఎప్పుడో రద్దయిందని చాలామంది నమ్ముతున్నారు. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులు తీసేసింది, 1971లో 26వ సవరణ రాజభరణాలు ఎత్తేసింది. ఇదంతా నిజమే. కాకపోతే ఆ పెద్దలంతా ఒక చిన్న విషయం మర్చిపోయారు. ఖాళీ అయిన రాజు పోస్టులో ఇకమీదట ఎవరినీ వేయకూడదని ఎక్కడా రాయలేదు. దాని ఫలితంగా ఒక్క విశాఖపట్నంలోనే ఇవాళ లక్షల మంది రాజులున్నారు. మీరూ అందులో ఒకరు. అనుమానం ఉంటే జగదాంబ జంక్షన్‌లో ఏదో ఒక బట్టల షాపు మెట్లెక్కి చూడండి.

క్యాష్ కౌంటర్ వెనక గోడ మీద బారెడు అక్షరాలతో "కస్టమరే మా రాజు" అని ఉంటుంది. దాని కింద, రాజుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చదవాల్సినంత చిన్న అక్షరాల్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది. పక్కనే "అప్పు అడగరాదు". ఆ పక్కన, మార్పిడి కావాలంటే వారంలోపు రావాలి, బిల్లు తేవాలి, ఆదివారం మాత్రం రాకూడదు. పూర్వం రాజులు రాళ్ల మీద శాసనాలు చెక్కించేవారు, జనం తలవంచుకుని చదువుకునేవారు. ఇప్పుడు శాసనాలు షాపువాళ్లవి, తలవంచుకుని చదువుకునేది రాజుగారు.

రాజు అంటే ప్రకాశించేవాడని కొందరు పండితులు, ప్రజలను రంజింపజేసేవాడని మరికొందరు పండితులు చెప్పారు. కాళిదాసు రెండో పక్షం. రఘువు గురించి "రాజా ప్రకృతిరంజనాత్" అని తేల్చేశాడు. పాపం, ఆయన కాలంలో జీఎస్టీ లేదు. ఈ ఊళ్లో ఆ మాట వాడే తీరు చూశాక నాకు తోచిన అర్థం ఒకటే: రాజు అనగా బిల్లు కట్టువాడు.

ఇది కొత్తగా వచ్చిన అర్థం కూడా కాదు. ఉత్తర సర్కారుల్లో రాజా, మహారాజా అనిపించుకున్న జమీందార్లు ఈస్టిండియా కంపెనీకి పేష్కషు, అంటే కప్పం, కట్టేవారు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక లెక్క మరీ శుభ్రమైపోయింది. బిరుదు మీది, పాగా మీది, ఏనుగు మీది, కిస్తీ మాది. కిస్తీ తప్పితే జమీ వేలానికి వచ్చేది. అంతకుముందు, బకాయిల విషయంలో కంపెనీకి తలవంచని విజయనగరం రాజు విజయరామరాజు మీదికి ఏకంగా సైన్యమే వచ్చింది. భీమిలికి అంత దూరమేం లేని పద్మనాభంలో 1794 జూలై 10న ఆయన పోరాడుతూ నేలకొరిగారు. బకాయి అంటే అంత సీరియస్ వ్యవహారం. మన బ్యాంకులవాళ్లు పాపం ఫోన్లతోనే సరిపెడుతున్నారు.

పేష్కషు పోయిందనుకుంటున్నారేమో, పేరు మార్చుకుని ఈఎంఐగా తిరిగొచ్చింది. మధురవాడ దాటి భీమిలి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా హోర్డింగులే. "రాజసంగా జీవించండి" అని ఒకటి, "మీ సొంత ప్యాలెస్" అని ఇంకొకటి. ఆ ప్యాలెస్ రెండు బెడ్‌రూముల ఫ్లాటు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, కుర్చీ మీద నిలబడి, గ్రిల్లు పట్టుకుని మెడ కుడికి సాగదీస్తే సముద్రం కనిపిస్తుంది. ఒడిశాలోని జయపురం మహారాజులు ఇక్కడ బీచ్ రోడ్డులో హవా మహల్ కట్టించుకున్నారు. ఆ ఇంట్లోంచి సముద్రం చూడ్డానికి ఎవరైనా కుర్చీ ఎక్కారని నేనైతే వినలేదు. వాళ్లకి ఇరవయ్యేళ్ల ఈఎంఐ కూడా ఉన్నట్టు లేదు.

ఆ వంశంవారే విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు, సబబే. మనమూ ఏడాదికి ఏదో ఒక పద్దు కింద లక్ష వదిలించుకుంటూనే ఉన్నాం. మనకి రసీదు ఇస్తారు. అదీ అడిగితేనే.

తిండి దగ్గర మాత్రం రాజుకి కాస్త మర్యాద జరుగుతుందని ఆశపడ్డాను. హైవే పొడవునా "రాజుగారి పలావ్" బోర్డులున్నాయి. ఏ రాజుగారో ఏ బోర్డూ చెప్పదు. ఊళ్లో అయితే మహారాజా థాలీ. పెద్ద పళ్లెం, దాని చుట్టూ లెక్కపెట్టే ఓపిక లేనన్ని గిన్నెలు, ఒక్కో గిన్నెలో రెండు చెంచాల కూర. నేను, మా ఆవిడ కూర్చున్నాం. ఒకటి చాలు అన్నాను. సర్వరు నొచ్చుకున్నాడు.

"థాలీకి షేరింగ్ లేదు సార్. మేడమ్‌కి ఇంకోటి చెప్పాల్సిందే."

"మిగిలితే?"

"పార్శిల్ కూడా లేదు సార్."

చరిత్రలో రాజులు ఊరంతటికీ అన్నదానాలు చేశారు. ఈ మహారాజుకి ఎదురుగా కూర్చున్న మహారాణికి ఒక పూరీ ఇచ్చే అధికారం లేదు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అనేవారు మన పెద్దలు. ఇప్పటికీ కొదవ లేదు. కాకపోతే తినేది రాజే.

ఐదేళ్లకోసారి ఓటరే రాజు అంటారు. ఎండలో గంటసేపు క్యూలో నిలబడి, గుర్తింపు కార్డు చూపించి, వేలికి సిరా పూయించుకుంటేగాని పట్టాభిషేకం కాదు. ఆ తర్వాత అంతా చదరంగమే. రాజు ఒక్క గడి కదులుతాడు, మంత్రి ఎటు కావాలంటే అటు వెళ్లొస్తాడు.

మరి రాజు పేరు ఉండీ జేబుకి చిల్లుపడని చోటు ఈ ఊళ్లో లేదా అంటే, ఒకటుంది. కింగ్ జార్జి ఆసుపత్రి. ఉత్తరాంధ్ర మూలమూలల నుంచి, ఒడిశా నుంచి కూడా బీదాబిక్కీ వస్తారు. వచ్చినవాళ్లని అక్కడెవరూ రాజా అనరు, ఓపీ చీటీ రాసిచ్చి పక్కకి జరగమంటారు. నా సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకదు. సూర్యుడు అస్తమించని సామ్రాజ్యాన్ని ఏలిన ఐదో జార్జి కూడా మనవాళ్ల నోట్లో పడి కేజీహెచ్‌లో రెండక్షరాలుగా మిగిలాడు. ఆయన ఏలుబడిలోనే ఆయన ప్రభుత్వం మీద మన్యంలో తిరగబడ్డ సీతారామరాజు పేరు మాత్రం 2022 నుంచి ఒక జిల్లా అంతటా పరుచుకుని ఉంది. ఇందులో బిల్లుకి సంబంధించింది ఏమీ లేదు. చెప్పాలనిపించి చెప్పాను.

ఇక అధికారులకు నా వినతి. సిగరెట్ పెట్టె మీద వేసినట్టు, రాజు అనే మాట వాడిన ప్రతి బోర్డు మీదా హెచ్చరిక వేయించాలి. కస్టమర్ని రాజు అన్న షాపు, ఆ రాజు చొక్కా సైజు సరిపోలేదంటే ఆదివారమైనా సరే మార్చి ఇవ్వాలి. మహారాజా థాలీ తినే మహారాజుకి కనీసం ఒక పూరీ దానం చేసే హక్కు ఉండాలి. కింగ్ సైజు మంచం అమ్మేవాళ్లు, అది పట్టే గది ఆ ప్యాలెస్‌లో ఉందో లేదో ముందు కొలిచి చూసుకోవాలి.

ఒక్కళ్లకి మినహాయింపు ఇవ్వొచ్చు. సాయంత్రం మేడ మీద గిన్నె పట్టుకుని తిరుగుతూ "మా రాజు కదూ, ఈ ఒక్క ముద్దా తినెయ్ నాన్నా" అని బతిమాలే అమ్మలకి. ఆ రాజు పైసా కట్టడు, పెట్టిన ముద్ద ఉమ్మేస్తాడు, అయినా పదవి ఊడదు. మా ఎదురింట్లో అలాంటివాడు ఒకడున్నాడు. వచ్చే జూన్‌లో ఎల్‌కేజీలో వేస్తున్నారట.