మూసేసిన బాయిలో గ్యాస్ ఉండదా?

"బొగ్గు బాయిల్లో గ్యాస్ పేలుళ్లు తాతల కాలం ముచ్చట. గ్యాస్ వస్తే వాసనకే తెలిసిపోతుంది. బాయి మూసేశాక ఇక భయమే లేదు." ఈ మెసేజ్ కోల్‌బెల్ట్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నిన్న మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. బాయి పక్క కాలనీలో పెరిగినవాణ్ణి, చూసి ఊరుకోలేకపోయాను.

ముందు వాసన సంగతి. వంటగ్యాస్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది కాబట్టి అన్ని గ్యాసులూ అంతే అనుకుంటాం. ఆ వాసన గ్యాస్‌ది కాదు, లీకైతే మనకు తెలియాలని కలిపే మెర్కాప్టాన్‌ది. బాయిలో పుట్టే మీథేన్‌లో ఎవరు కలుపుతారు? దానికి రంగూ లేదు, వాసనా లేదు. వంటగ్యాస్ బరువుగా నేల మీద పరుచుకుంటే, మీథేన్ తేలికై రూఫ్ కింద పొరలా నిలుస్తుంది. అందుకే సర్దార్ (బాయిలో భద్రత చూసే ఉద్యోగి) సేఫ్టీ ల్యాంప్ వత్తి బాగా తగ్గించి, కుదుపు లేకుండా, మెల్లగా రూఫ్ దాకా ఎత్తి చూసేవాడు. మంట మీద లేత నీలం టోపీ లేచిందంటే గ్యాస్ ఉన్నట్టే. ఇప్పుడు ఆ పని మీథేన్ శాతం కొలిచే మీథనోమీటర్ చేస్తోంది. ముక్కు ఎప్పుడూ చేయలేదు. "కానరీ పిట్ట చెప్పేది కదా" అని ఒకరు రాశారు. ఆ పిట్టను తీసుకెళ్లింది కార్బన్ మోనాక్సైడ్ కోసం, మీథేన్ కోసం కాదు.

తాతల కాలం అన్న మాట మరీ బాధ పెట్టింది. 2006 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని భట్‌డీహ్ బాయిలో 50 మంది పోయారు. 2010లో న్యూజిలాండ్‌లోని పైక్ రివర్‌లో 29 మంది. 2023 అక్టోబరులో కజకిస్తాన్‌లోని కోస్తెంకో గనిలో 46 మంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. మన నిబంధనల్లో 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలని ఉంది. ఎందుకంటే మొదటి పేలుడు చిన్నదే అయినా, అది లేపిన బొగ్గు ధూళి అంటుకుంటే మంట బాయంతా పరిగెత్తుతుంది.

"మనవి డిగ్రీ వన్ బాయిలు" అనే వాదన కూడా ఉంది. గోదావరి లోయ బొగ్గులో గ్యాస్ తక్కువే, కాదనను. కానీ డిగ్రీ వన్ అంటే గాలిలో 0.1 శాతానికి మించకుండా, టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు లోపు గ్యాస్ వస్తుందని అర్థం. అసలు లేదని కాదు. ఆ కొంచెం కూడా పలచబడేది ఫ్యాన్ తిరిగినంతసేపే. గాలి ఆడని గోఫులో, అంటే బొగ్గు తీసేసి వదిలేసిన ఖాళీలో, అదే కొంచెం కొంచెంగా చేరుతుంది.

ఇక అసలు విషయం, మూసేసిన బాయి. బొగ్గు తీయడం ఆపితే గ్యాస్ తగ్గుతుంది, ఆగిపోదు. వదిలేసిన బొగ్గు పిల్లర్ల నుంచి, పైనా కిందా పొరల నుంచి ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది. నీళ్లు పూర్తిగా నిండితే చాలావరకు ఆగుతుంది, ఆ మాట నిజమే. కానీ నీళ్లు పైకెక్కుతున్నంత కాలం లోపలి గ్యాస్‌ను పిచికారీలా బయటికి తోస్తాయి. తుఫాను ముందు వాతావరణ పీడనం పడిపోతే బాయి ఊపిరి వదిలినట్టు పగుళ్లలోంచి గ్యాస్ వస్తుంది. ఇంగ్లండ్‌లోని ఆర్క్‌రైట్ టౌన్‌లో 1988లో గని మూతపడింది. అదే ఏడాది ఇళ్లలోకి మీథేన్ వచ్చింది. చివరికి ఊరినే రోడ్డు అవతలికి మార్చి కొత్తగా కట్టాల్సి వచ్చింది. ఊరు తరలిపోయింది మూసేసిన గని వల్లే కదా!

వాతావరణం లెక్కా ఇందులోనే ఉంది. 20 ఏళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. మూసేసిన బాయి నుంచి లీకయ్యేదాన్ని కొలవకపోతే ఆ లెక్కలోకే రాదు.

మా వైపు పిల్లలు మేకల వెంట పాత ఇంక్లైన్ల (బాయిలోకి ఏటవాలుగా దిగే దారుల) దగ్గరికి వెళ్తారు. అడ్డుగోడ ఇటుకలు ఊడిన చోట చల్లగా ఉందని కూర్చుంటారు, పెద్దవాళ్లు బీడీ కూడా ముట్టిస్తారు. అక్కడ మీథేన్ ఉండొచ్చు, లేదా ఆక్సిజన్ లేని గాలి ఉండొచ్చు. లోపలికి పోయిన మేక కోసం, పడిపోయిన మనిషి కోసం కూడా ఎవరూ దిగకండి, రెస్క్యూ వాళ్లను పిలవండి. గోడ పగిలి కనబడితే ఫొటో తీసి ఏరియా సేఫ్టీ ఆఫీసుకు పంపండి. ఆ మెసేజ్ వచ్చిన గ్రూపులోనే ఈ మాటలూ పెట్టండి.